మోషన్ సిక్‌నెస్: ఘాట్ రోడ్డులో వాంతులు.. సిమ్యులేటర్ రైడ్‌లో కళ్లు తిరుగుడు.. ఇది భయం కాదు, కంటికీ చెవికీ కుదరని లెక్క!

స్కూల్ టూర్ అనగానే పిల్లలకు ముందురోజు రాత్రి నిద్ర పట్టదు. ఆసిఫాబాద్ నుంచి హైదరాబాద్‌కు 300 కిలోమీటర్లకు పైగా ప్రయాణం. తెల్లారకముందే బస్సు కదలాలి. పాటలు, కేకలు, కిటికీ సీటు కోసం కొట్లాటలు.. అంతా సందడే. కానీ ఆ బస్సులోనే ఒక మూలన ఒక అమ్మాయి చేతిలో నిమ్మకాయ, ఒళ్లో పాలిథిన్ కవర్ పెట్టుకుని కూర్చుంటుంది. "మా బిడ్డకు బస్సు పడది సార్.. జర చూసుకోండి" అని బస్సు ఎక్కించేటప్పుడే తల్లి చెప్పి పంపుతుంది.

తీరా పార్కుకు చేరాక అందరూ రైడ్‌ల వైపు పరుగెడతారు. ఆ అమ్మాయి మాత్రం బెంచీ మీద కూర్చుని అందరి బ్యాగులు, చెప్పులు కాపలా కాస్తుంది. "ఏం కాదు, ఎక్కవే.. ఇంత భయమా?" అని స్నేహితులు నవ్వుతారు. ప్రతి టూర్‌లో, ప్రతి కుటుంబంలో ఇలాంటి వాళ్లు ఒకరైనా ఉంటారు.

మరి ఇది నిజంగా పిరికితనమేనా? ఒకే కుర్చీలో, ఒకే తెర ముందు కూర్చున్న ఇద్దరిలో ఒకరు కేకలేస్తూ ఎంజాయ్ చేస్తే, ఇంకొకరికి కడుపులో ఎందుకు తిప్పుతుంది? రైడ్ ఎక్కాలని ఆశ ఉన్నా ఒళ్లు సహకరించని వాళ్లు ఏం చేయాలి? వివరంగా చూద్దాం.

చెవి లోపల ఒక 'లెవల్ గొట్టం'

మేస్త్రీ గోడ కట్టేటప్పుడు వాడే లెవల్ గొట్టం గుర్తుందా? అందులో నీళ్లు ఎటు జరిగితే అటు వంపు ఉన్నట్టు. మన లోపలి చెవిలోనూ దాదాపు అలాంటి ఏర్పాటే ఉంది. అక్కడ మూడు సన్నటి అర్ధవృత్తాకార గొట్టాలు, వాటి నిండా ద్రవం ఉంటాయి. తల తిప్పితే ఆ ద్రవం కదులుతుంది. 'తల ఇటు తిరిగింది' అని మెదడుకు కబురు పోతుంది.

ఆ గొట్టాల పక్కనే మరో రెండు చిన్న సంచుల్లాంటి భాగాలు ఉంటాయి. వాటిలో కాల్షియంతో తయారైన సూక్ష్మమైన రేణువులు ఉంటాయి. బండి స్పీడ్ అందుకున్నా, సడన్ బ్రేక్ పడినా, లిఫ్ట్ పైకి లేచినా మనకు తెలిసేది వీటి వల్లే. భూమి ఆకర్షణ ఏ వైపు ఉందో చెప్పేదీ ఇవే.

మెదడు ఒక్క చెవి మాటే వినదు. కళ్లు చూసింది, కాళ్లు, కండరాలు చెప్పింది.. అన్నీ కలిపి లెక్క వేసుకుంటుంది. అన్నీ ఒకే మాట చెబితే ఏ ఇబ్బందీ లేదు. ఒకటి అవునంటే ఇంకొకటి కాదంటేనే సమస్య మొదలవుతుంది. దీన్నే శాస్త్రవేత్తలు 'ఇంద్రియాల మధ్య వైరుధ్యం' అంటున్నారు. బ్రిటన్‌కు చెందిన రీజన్, బ్రాండ్ అనే ఇద్దరు పరిశోధకులు 1975లో రాసిన పుస్తకం తర్వాత ఈ వివరణకు బాగా ప్రచారం వచ్చింది. ఇప్పటికీ ఎక్కువ మంది ఒప్పుకునే వివరణ ఇదే.

చెవికి ఇందులో ఎంత పాత్ర ఉందో చెప్పే పాత ఆధారం కూడా ఒకటుంది. అమెరికా మనస్తత్వవేత్త విలియం జేమ్స్ 1882లోనే ఒక విషయం గమనించారు. వినికిడి లేనివారిలో చాలామందికి గిరగిరా తిప్పినా కళ్లు తిరగలేదు. లోపలి చెవిలోని ఈ వ్యవస్థ పూర్తిగా పనిచేయని వారికి మోషన్ సిక్‌నెస్ రాదని ఆ తర్వాత తేలింది. అంటే.. వాంతి వస్తోందంటే మీ చెవి పనిచేస్తోందనే అర్థం!

కెరమెరి ఘాట్‌లో జరిగేది ఇదీ..

ఆసిఫాబాద్ నుంచి ఉట్నూర్ వైపు వెళ్లే దారిలో కెరమెరి ఘాట్ ఎక్కినవారికి ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. మలుపు మీద మలుపు. బస్సు ఎడమకు, కుడికి ఒరుగుతుంటే చెవిలోని ద్రవం ఊగుతూనే ఉంటుంది. అదే టైంలో తల దించి ఫోన్‌లో రీల్స్ చూస్తున్నారనుకోండి. కళ్లేమో 'నేను కదలకుండా ఒక చిన్న తెరను చూస్తున్నా' అంటాయి. చెవేమో 'ఒళ్లంతా ఊగుతోంది' అంటుంది. మెదడు ఎవరి మాట నమ్మాలి?

డ్రైవర్‌కు మాత్రం అదే రోడ్డు మీద, అదే బస్సులో ఏమీ కాదు. ఎందుకంటే ఆయన కళ్లు రోడ్డు మీదే ఉంటాయి. పైగా ఏ మలుపు ఎటు తిరగబోతోందో ముందే తెలుసు. స్టీరింగ్ తిప్పేది ఆయనే కాబట్టి, జరగబోయే కదలికకు మెదడు ముందే సిద్ధమైపోతుంది. బస్సు పడని మనిషి కూడా సొంతంగా బైక్ నడిపితే హాయిగా ఉండటానికి కారణం ఇదే.

సిమ్యులేటర్‌లో సీన్ రివర్స్

థీమ్ పార్కుల్లో, మాల్స్‌లో ఇప్పుడు సిమ్యులేటర్ రైడ్‌లు మామూలైపోయాయి. 2016 ఏప్రిల్‌లో హైదరాబాద్ శివారు రావిర్యాలలో వండర్‌లా మొదలైన తర్వాత, ఉత్తర తెలంగాణ నుంచి వెళ్లే స్కూల్ టూర్లకు రామోజీ ఫిల్మ్ సిటీతో పాటు అదీ ఒక మజిలీ అయింది. మాల్స్‌లోనేమో ఊగే కుర్చీల థియేటర్లు, కళ్లకు హెడ్‌సెట్ తగిలించే వీఆర్ కుర్చీలు కనిపిస్తున్నాయి.

బస్సులో ఒళ్లు కదులుతుంది, కళ్లు కదలవు. సిమ్యులేటర్‌లో దీనికి పూర్తి ఉల్టా. తెర మీద విమానం లోయలోకి దూకుతుంది, గ్రహాల మధ్య నుంచి దూసుకెళ్తుంది. నిజానికి మీ కుర్చీ కదిలేది చాలా కొద్దిగా. కళ్లు 'పడిపోతున్నాం' అని అరుస్తాయి.. చెవి 'ఎక్కడ? ఉన్నచోటే ఉన్నాం కదా' అంటుంది.

కదలకుండానే కదిలినట్టు అనిపించడం అందరికీ అనుభవమే. స్టేషన్‌లో మీ రైలు ఆగి ఉంటుంది. పక్క ట్రాక్ మీది రైలు కదిలితే, ఒక్క క్షణం మన రైలే కదిలినట్టు ఉలిక్కిపడతాం. చూపు మొత్తాన్ని కదిలే దృశ్యం ఆక్రమిస్తే మెదడు మోసపోతుంది. సిమ్యులేటర్ తెరను అంత పెద్దగా, గుండ్రంగా పెట్టేది ఇందుకోసమే.

కుర్చీ చేసే మాయ ఏంటంటే..

సిమ్యులేటర్ కుర్చీ వెనుక ఒక తెలివైన ట్రిక్ ఉంది. లోపలి చెవిలోని రేణువులకు 'వెనక్కి ఒరగడం', 'ముందుకు వేగం అందుకోవడం' మధ్య తేడా సరిగ్గా తెలియదు. రెండింటిలోనూ వీపు సీటుకు ఒత్తుకున్నట్టే ఉంటుంది. అందుకే తెర మీద రాకెట్ స్పీడ్ అందుకునే టైంకి కుర్చీ నెమ్మదిగా వెనక్కి ఒరుగుతుంది. భూమి ఆకర్షణనే మెదడు 'స్పీడ్' అనుకుంటుంది. బ్రేక్ వేసినట్టు చూపించాలంటే కుర్చీ ముందుకు వంగుతుంది. ఆ తర్వాత మనకు తెలియకుండా మెల్లగా మళ్లీ మామూలు స్థితికి వస్తుంది.

అనుమానం ఉంటే ఈసారి రైడ్‌లో కాసేపు కళ్లు మూసుకుని చూడండి. అంతరిక్షం మాయమై, ఊగే కుర్చీ ఒక్కటే మిగులుతుంది.

ఈ యంత్రాలకు పెద్ద చరిత్రే ఉంది. 1929లో అమెరికాకు చెందిన ఎడ్విన్ లింక్ పైలట్ల శిక్షణ కోసం ఒక నకిలీ విమానాన్ని తయారు చేశారు. ఆయన కుటుంబానిది ఆర్గాన్ వాద్యాలు తయారు చేసే వ్యాపారం. ఆ వాద్యాల్లో వాడే గాలి తిత్తులతోనే విమానాన్ని ఊపారు. ఆరు కాళ్ల మీద అన్ని వైపులా ఒరిగే వేదికను 1950ల్లో ఎరిక్ గఫ్ అనే ఇంజినీర్ టైర్లను పరీక్షించడానికి వాడారు. 1965లో స్టీవర్ట్ అనే మరో ఇంజినీర్ అలాంటి వేదికతో ఫ్లైట్ సిమ్యులేటర్ చేయొచ్చని వివరించారు. చివరికి ఈ టెక్నాలజీ వినోదంలోకి వచ్చింది. 1987 జనవరిలో కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో మొదలైన 'స్టార్ టూర్స్' రైడ్ అలా వచ్చిందే.

మరి వాంతుల సంగతి? అదీ మొదటి నుంచీ ఉన్నదే. అమెరికా నేవీ హెలికాప్టర్ సిమ్యులేటర్లలో కూర్చున్నవారికి తల తిరగడం, వికారం వస్తున్నాయని 1950ల్లోనే నివేదికలు వచ్చాయి. ఇక్కడో విచిత్రం ఉంది. కొత్తగా నేర్చుకునేవాళ్ల కంటే నిజమైన హెలికాప్టర్ నడిపిన అనుభవజ్ఞులే ఎక్కువగా ఇబ్బంది పడ్డారు. అసలు హెలికాప్టర్ ఎలా కదులుతుందో వాళ్ల ఒంటికి తెలుసు. నకిలీలో ఆ కదలిక దొరకలేదు.. లెక్క తప్పింది.

రోలర్ కోస్టర్ ఓకే.. సిమ్యులేటర్ నాట్ ఓకే!

చాలామందికి ఇదే అర్థం కాదు. 'అంత పెద్ద రోలర్ కోస్టర్ ఎక్కినా ఏం కాలేదు, ఈ చిన్న కుర్చీలో కూర్చుంటే వికారం ఎందుకు?' అంటారు. రోలర్ కోస్టర్‌లో కళ్లు చూసేది, ఒళ్లు అనుభవించేది ఒక్కటే. కింద పడుతున్నట్టు కనిపిస్తే నిజంగానే పడుతుంటారు. భయం ఎక్కువే కానీ గొడవ తక్కువ. పైగా ఒకటి రెండు నిమిషాల్లో అయిపోతుంది.

గిరగిరా తిరిగే రైడ్‌లది ఇంకో కథ. బకెట్‌లో నీళ్లను చేత్తో గుండ్రంగా తిప్పి చేయి తీసేసినా నీళ్లు కాసేపు తిరుగుతూనే ఉంటాయి కదా. రైడ్ ఆగాక చెవిలోని ద్రవం కూడా అలాగే కాసేపు కదులుతుంది. కాళ్లు నేల మీద ఉన్నా లోకం తిరుగుతున్నట్టు ఉండేది అందుకే. గంగాపూర్ జాతరలోనో, కేస్లాపూర్ నాగోబా జాతరలోనో రంగుల రాట్నం దిగి తూలినవారికి ఇది తెలిసిన విషయమే. తిరుగుతున్నప్పుడు తల పక్కకు తిప్పితే పరిస్థితి ఇంకా ఘోరం. మూడు గొట్టాల్లోనూ ద్రవం ఒకేసారి గందరగోళమవుతుంది.

2003లో ఫ్లోరిడాలోని డిస్నీ పార్కులో 'మిషన్ స్పేస్' అనే రైడ్ మొదలైంది. మనుషులను గిరగిరా తిప్పి రాకెట్ ప్రయాణం అనుభూతిని ఇచ్చే యంత్రం ఇది. తల పక్కకు తిప్పొద్దని ముందే హెచ్చరించేవారు. అయినా సీట్ల దగ్గర వాంతి కవర్లు పెట్టాల్సి వచ్చింది. చివరికి 2006లో తిరగకుండా నడిచే తేలికపాటి వెర్షన్‌ను కూడా తెచ్చారు. పడనివారికి వేరే దారి చూపించడం తప్పేమీ కాదని ప్రపంచంలోనే పెద్ద పార్కు కంపెనీ ఒప్పుకున్నట్టే కదా!

పిరికితనం కానే కాదు

1961 ఆగస్టులో సోవియట్ వ్యోమగామి గెర్మన్ టిటోవ్ రోజుకు పైగా అంతరిక్షంలో గడిపారు. అక్కడ వికారంతో బాధపడిన మొదటి మనిషి ఆయనే. యుద్ధ విమానాల పైలట్‌కే ఆ పరిస్థితి వచ్చింది. ఐదేళ్లు ఓడలో ప్రపంచం చుట్టిన చార్లెస్ డార్విన్‌ను సముద్ర వికారం చివరి దాకా వదల్లేదు. హైదరాబాద్‌లో చదువుకున్న రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్‌లో సాల్యూట్-7 కేంద్రంలో యోగాసనాలు వేశారు. భార రహిత స్థితి ఒంటి మీద చూపే ప్రభావాన్ని తట్టుకోవడానికి యోగా పనికొస్తుందా అని తెలుసుకోవడమే ఆ ప్రయోగం ఉద్దేశం. మరి వీళ్లంతా పిరికివాళ్లా?

సరదా వేరు, కడుపు వేరు. రైడ్‌లో వచ్చే థ్రిల్ 'ప్రమాదం అనిపిస్తోంది, కానీ సేఫ్‌గానే ఉన్నాం' అనే భావన నుంచి పుడుతుంది. అమెరికా పరిశోధకుడు పాల్ రోజిన్ దీన్ని మిరపకాయతో పోల్చి వివరించారు. నోరు మండుతోందని తెలిసినా పచ్చిమిర్చి కొరుక్కుని తింటాం కదా, ఇదీ అలాంటిదే. థ్రిల్ మీద ఎంత మోజు ఉందనేది మనిషి స్వభావాన్ని బట్టి ఉంటుంది. వాంతి వస్తుందా రాదా అనేది చెవి, కన్ను, మెదడు లెక్కను బట్టి ఉంటుంది. ఈ రెండింటికీ ముడి పెట్టడమే మనం చేసే తప్పు. ధైర్యం బోలెడు ఉండి కడుపు సహకరించని వాళ్లు ఉంటారు. కడుపు గట్టిదైనా ఎత్తు అంటే వణికేవాళ్లూ ఉంటారు.

ఎవరికి ఎక్కువ?

రెండేళ్లలోపు పిల్లల్లో మోషన్ సిక్‌నెస్ చాలా అరుదు. ఆ తర్వాత మొదలై, స్కూల్‌కు వెళ్లే వయసులో ఎక్కువగా కనిపిస్తుంది. పెద్దయ్యేకొద్దీ చాలామందిలో తగ్గుతుంది. మగవారి కంటే ఆడవారిలో ఎక్కువ. మైగ్రేన్ తలనొప్పి ఉన్నవారికి, గర్భిణులకు ఇబ్బంది ఇంకా ఎక్కువ. ఇంట్లో తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకూ ఉండే అవకాశం ఉంది. దిష్టి తగలడమో, గాలి సోకడమో దీనికి కారణం కాదు.

వాంతి ఒక్కసారిగా రాదు. ముందే సిగ్నల్స్ ఇస్తుంది. వరుసగా ఆవలింతలు, నోట్లో నీళ్లూరడం, చల్లటి చెమటలు, ముఖం పాలిపోవడం, మాట తగ్గించి ముడుచుకుపోవడం.. పిల్లల్లో ఇవి కనిపిస్తే అప్పుడే ఆపాలి. 'ఇంకొంచెం ఓర్చుకో' అనడం వల్ల లాభం లేదు.

బస్సులో, రైడ్‌లో ఏం చేయాలి?

బస్సులో: ముందు సీట్లలో కూర్చోవాలి. ఊపు ఎక్కువగా ఉండే చివరి సీటు వద్దు. దూరంగా ఉన్న గుట్టనో, రోడ్డునో చూడాలి. ఫోన్, పుస్తకం పక్కన పెట్టాలి. తల సీటుకు ఆనించి కదలకుండా ఉంచాలి. కిటికీ తెరిచి గాలి తగలనివ్వాలి. రైల్లో అయితే బండి వెళ్లే వైపు ముఖం పెట్టి కూర్చోవాలి.

సిమ్యులేటర్‌లో: ఇక్కడ రూల్ మారుతుంది. వికారం మొదలైతే వెంటనే కళ్లు మూసుకోవాలి. గొడవ పెట్టేది తెరే కాబట్టి అది కనపడకపోతే సగం సమస్య తీరుతుంది. మొదటిసారి వెళ్లేవారు వెనుక వరుసలో, మధ్య సీటు అడిగి తీసుకోవడం మంచిది. తెర చూపునంతా ఆక్రమించదు. తల అటూ ఇటూ తిప్పొద్దు. వీఆర్ హెడ్‌సెట్‌లో తల తిప్పిన తర్వాత బొమ్మ కొంచెం ఆలస్యంగా కదులుతుంటే వికారం ఎక్కువవుతుంది. అలాంటిది వెంటనే తీసేయాలి.

తిండి: ఖాళీ కడుపూ వద్దు, నిండు కడుపూ వద్దు. టూర్ అని కట్టించుకున్న గారెలు, పూరీలు తిరుగు ప్రయాణానికి ఉంచుకోండి. ఉదయం రెండు ఇడ్లీలో, బిస్కెట్లో చాలు. కొద్దికొద్దిగా నీళ్లు తాగాలి. అల్లం కొందరికి ఉపశమనం ఇస్తుంది, కానీ అందరికీ పనిచేస్తుందన్న గ్యారంటీ లేదు. నిమ్మకాయ వాసన డీజిల్ వాసనను కప్పేస్తుంది కాబట్టి కొందరికి హాయిగా ఉంటుంది.

మందులు: ప్రొమెథజిన్, డైమెన్‌హైడ్రినేట్, మెక్లిజిన్, సినారిజిన్ లాంటి బిళ్లలు ప్రయాణానికి ముందే వేసుకోవాలి. వాంతి మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా ఫలితం ఉండదు. వీటితో మత్తు వస్తుంది కాబట్టి బండి నడిపేవారు వేసుకోవద్దు. పిల్లలకు ఎంత మోతాదు ఇవ్వాలో డాక్టర్‌ను అడగాల్సిందే. రెండేళ్లలోపు వారికి ప్రొమెథజిన్ అసలే ఇవ్వకూడదు.

అలవాటు: మెదడు నేర్చుకుంటుంది. తక్కువసేపు, తేలికపాటి రైడ్‌తో మొదలుపెట్టి, బాగున్నప్పుడే దిగిపోయి, మరో రోజు ఇంకొంచెం ప్రయత్నిస్తే చాలామందికి తట్టుకునే శక్తి పెరుగుతుంది. పైలట్ల శిక్షణలోనూ ఇదే పద్ధతి. ఒకేరోజు మొండిగా పది రైడ్‌లు ఎక్కితే మాత్రం ఉన్న ఆశ కూడా పోతుంది.

ఇంకో మాట. సిమ్యులేటర్ దిగాక కూడా కొందరికి కొన్ని గంటల పాటు తూలినట్టు ఉండొచ్చు. అందుకే సిమ్యులేటర్ శిక్షణ తర్వాత పైలట్లను వెంటనే విమానం నడపనివ్వని నిబంధనలు కొన్నిచోట్ల ఉన్నాయి. రైడ్ దిగిన వెంటనే బైక్ కీ తీయకండి.

వీళ్లు మాత్రం జాగ్రత్త

గర్భిణులు, గుండె జబ్బు, హై బీపీ, మూర్ఛ, మెడ, నడుము సమస్యలు ఉన్నవారు, ఈమధ్యే ఆపరేషన్ అయినవారు ఇలాంటి రైడ్‌లకు దూరంగా ఉండాలి. రైడ్ ముందు పెట్టే బోర్డు అలంకారం కోసం కాదు.

ఆసిఫాబాద్, ఆదిలాబాద్ ప్రాంతాల తల్లిదండ్రులు, టీచర్లు మరో విషయం గుర్తుంచుకోవాలి. ఇక్కడి గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ వ్యాధి ఉంది. ఆ వ్యాధి ఉన్న పిల్లలకు ఒంట్లో నీరు తగ్గినా, ఒళ్లు ఒక్కసారిగా చల్లబడినా తీవ్రమైన నొప్పులు మొదలయ్యే ప్రమాదం ఉంది. దారంతా వాంతులు, ఎండలో తిరుగుడు, ఆపై చల్లటి నీళ్ల రైడ్‌లు.. ఇవన్నీ కలిస్తే సరదా కాస్తా ఆస్పత్రి పాలు చేస్తుంది. అలాంటి పిల్లల పేర్లు టూర్‌కు ముందే టీచర్‌కు చెప్పాలి. మందులు, నీళ్ల బాటిల్, ఓఆర్ఎస్ ప్యాకెట్లు బ్యాగులో ఉండాలి.

ప్రయాణం, రైడ్ ఏమీ లేకుండానే కళ్లు తిరుగుతున్నా, చెవిలో హోరు వస్తున్నా, వినికిడి తగ్గినా, తట్టుకోలేని తలనొప్పి ఉన్నా, రైడ్ దిగి గంటలు గడిచినా వాంతులు ఆగకపోయినా అది మామూలు మోషన్ సిక్‌నెస్ కాకపోవచ్చు. ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించాలి.

బ్యాగులు కాపలా కాసే అమ్మాయికి..

చివరగా, బెంచీ మీద కూర్చున్న ఆ అమ్మాయి సంగతి. ఆమెను రెక్క పట్టి రైడ్ ఎక్కించడం ఎంత తప్పో, 'నీకు పడదులే' అని పక్కన కూర్చోబెట్టేయడం కూడా అంతే తప్పు. తిరగని రైడ్‌లు ఉంటాయి, నెమ్మదిగా నడిచే చిన్న రైలు ఉంటుంది, నీళ్ల ఆటలు ఉంటాయి. సిమ్యులేటరే కావాలంటే వెనుక సీటు, పక్కన తోడుగా ఒక స్నేహితురాలు, 'తిప్పినట్టయితే కళ్లు మూసుకో' అనే ఒక్క మాట చాలు.

బస్సులో ముందు సీటు ఆమెకు ఇవ్వండి. బ్యాగులు వంతులవారీగా కాపలా కాయండి. తిరిగి ఆసిఫాబాద్ చేరేసరికి ఇంట్లో చెప్పుకోవడానికి ఆమెకూ ఒక కథ ఉండాలి కదా!

(గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. ఆరోగ్య సమస్యలు ఉన్నవారు మందులు వాడే ముందు, రైడ్‌లు ఎక్కే ముందు వైద్యుల సలహా తీసుకోవాలి.)